తొంభై ఏడు దగ్గర రొద

పోయిన వారం మనం యూ-చిన్‌ని తైపే దగ్గర లింకౌ కొండ మీద పరీక్షల గదిలో వదిలిపెట్టాం. గోడల నిండా నీలం రంగు మెత్తటి ముళ్ళున్న ఆ గదిలో, గుండ్రంగా తిరిగే బల్ల మీద వాళ్ళ కంపెనీ తయారుచేసే, వేళకి మాత్రలు గుర్తుచేసే కరెంటు మందుల డబ్బాను పెట్టి, ఎదురుగా ఉన్న యాంటెన్నాను పైకీ కిందికీ జరుపుతూ పగలంతా కొలిచారు. డబ్బా నుంచి గాల్లోకి వెళ్ళే రేడియో తరంగాల రొద, మనుషుల చెవికి అందనిది, ఉండాల్సిన గీత దాటి పదకొండు డెసిబెల్స్ పైకి లేచింది. ఒసాకా నుంచి కొనుగోలుదారు రాసిన ఫిర్యాదు అక్షరాలా నిజమని తేలింది. డబ్బాను రూపొందించింది యూ-చిన్. కాబట్టి తప్పు తనదేనని ఒప్పుకుంటూ ఉత్తరం మీద, సంతకానికి సమానమైన తన పేరు ముద్ర వేసి ఇమ్మని బావగారు కున్-షాన్ గురువారం సాయంత్రం దాకా గడువు పెట్టాడు.

ఇవాళ గురువారం. చంద్రుడి లెక్కలో పదహారో రోజు కూడా. షిన్‌జువాంగ్ వీధిలో ప్రతి కార్ఖానా ముందూ మడతబల్ల వేసి, భూమిదేవుడికి పళ్ళూ బిస్కట్లూ పెట్టి, అగరొత్తులు గుచ్చారు. యూ-చిన్ అత్తింటివాళ్ళైన జియెన్ వారి బల్ల మీద వీటితోపాటు కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌ల ఆకుపచ్చ పొట్లాలు ఆరు నిలబెట్టి ఉన్నాయి. పూజయ్యాక వాటిని తీసుకెళ్ళి కింది అంతస్తులో ఒక్కో యంత్రం నెత్తిన ఒక్కోటి పెడతారు, యంత్రాలు బుద్ధిగా ఉండాలని. పొట్లం ఆకుపచ్చదే కావాలి. పసుపుదో ఎర్రదో పెడితే యంత్రం అలుగుతుంది. గడువు తీరిన పొట్లం పెడితే ఇంకా అలుగుతుంది.

యూ-చిన్ మెట్లెక్కి పై అంతస్తులోకి వచ్చేసరికి వంటింట్లో రేడియో గొడవ బాగా ముదిరి ఉంది.

"దాన్ని పారేయండి అత్తయ్యా. మీకు దణ్ణం పెడతాను," అంటోంది పెద్దకోడలు సూ-మెయ్, వెదురుమొలకల పొట్టు తీస్తూ. "పొద్దున్న ఐదున్నరకల్లా పందిని కోస్తున్నట్టు అరుస్తోంది. పక్కింటావిడ నిన్న నన్ను అడిగింది, మీ ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని."

"పక్కింటావిడ కరోకే పెట్టుకుని పాడితే నేనెప్పుడైనా అడిగానా, ఎవరు పోయారని?" అంది అత్తగారు బి-యున్. డెబ్భై రెండేళ్ళ మనిషి. భర్త పోయినప్పటినుంచీ కంపెనీ ఆమె పేరు మీదే ఉంది, వంటిల్లు అంతకుముందు నుంచీ ఉంది. "నా రేడియోకి ఏ జబ్బూ లేదు. బాల్కనీలో పెడితే చక్కగా పాడుతోంది. వంటింట్లోకి తెస్తేనే దానికి పూనకం."

"అయితే బాల్కనీలోనే వినండి."

"బాల్కనీలో కూర్చుని కూర తరగాలా? నీకు అత్తగారు కావాలా, పిట్ట కావాలా?"

భోజనాల బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్న కున్-షాన్ తల ఎత్తకుండానే కల్పించుకున్నాడు. "అమ్మా, ఆ రేడియో నాకంటే పెద్దది. కొత్తది కొనిస్తానంటే వద్దంటావు."

"కొత్తది కూడా తెచ్చాడుగా నీ తమ్ముడు. అదీ అరిచింది. రెండూ ఒకేసారి ముసలివైపోయాయా?"

తమ్ముడు యావ్-తింగ్, యూ-చిన్ భర్త, కిటికీ దగ్గర నిలబడి కింద వెలుగుతున్న అగరొత్తుల్ని చూస్తున్నాడు. వారం రోజులుగా అతను ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. లింకౌలో దెబ్బ తిన్నందుకు తనతో పాటు అతనూ కుమిలిపోతున్నాడని యూ-చిన్ అనుకుంది.

"ఎప్పటినుంచీ ఇలా అరుస్తోంది అత్తయ్యా?" అని అడిగింది. ఆ క్షణానికి ఆమె అడిగింది ఉత్తరం సంగతి ఇంకాసేపు వాయిదా పడుతుందన్న ఆశతోనే.

"నా పాత మందుల డబ్బా మూత విరిగిందని కింది నుంచి కొత్తది తెచ్చిచ్చారు చూడు, ఇంచుమించు అప్పటినుంచే. నేను చెప్తూనే ఉన్నాను. ముసలిదాని మాట ఎవరికి ఎక్కుతుంది?"

యూ-చిన్ చేతిసంచీ కుర్చీకి తగిలించబోతూ ఆగింది.

"మీరు వినే స్టేషన్ ఏది?"

"అదే, కీళ్ళనొప్పుల తైలం అమ్మేవాళ్ళది. పాత పాటలు వేస్తారు. తొంభై ఏడు దగ్గర ఉంటుంది."

తొంభై ఏడు. లింకౌలో తెర మీద రోజంతా చూసిన అంకె అది. కొండల వరుసలా ఉన్న ఆ గీతలో అన్నిటికంటే ఎత్తుగా లేచిన శిఖరం సరిగ్గా తొంభై ఏడు దగ్గరే నిలబడింది. రాగిరేకు చుట్టినా తగ్గలేదు, డబ్బాలోపల బోర్డుకి నాలుగు చోట్ల కొత్తగా ఎర్త్ కలిపినా తగ్గలేదు. కరెంటు వైరుకి నల్లటి అయస్కాంతపు ఉంగరం తొడిగితే కొంచెం వంగింది. వైరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే చప్పున పడిపోయింది. అంటే రొద వైరు వెంట బయటికొస్తోంది. ఎందుకొస్తోందో మాత్రం తెలియలేదు. పోయిన ఏడాది ఇదే డబ్బా, ఇదే వైరు, అదే గదిలో బుద్ధిగా పాసైంది.

ఆమె వంటింట్లోకి నడిచింది. బియ్యం డబ్బా పక్కన రేడియో ఉంది. దాని పక్కనే, గోడకి అడాప్టర్ గుచ్చి, తెల్లటి మందుల డబ్బా ఉంది. రేడియో పెట్టింది. ఎవరో ఆడమనిషి పాడుతున్న పాట వెనక 'బుర్ర్' మని ఒకటే రొద. గోడ నుంచి అడాప్టర్ పీకింది.

పాట మిగిలింది. రొద పోయింది.

"చూశారా?" అంది బి-యున్. అందరికంటే ముందు ఆవిడకే సంతోషం.

కున్-షాన్ ఇప్పుడు తల ఎత్తాడు. "సరే. గీత దాటిందని లింకౌలో తేలిందే కదా. అదే ఇక్కడా వినపడుతోంది. ఇందులో కొత్తేముంది యూ-చిన్? ఉత్తరం సంగతి చూద్దాం."

"ఒక్క నిమిషం బావగారూ."

ముందుగదిలో అద్దాల బీరువా ఉంది. అందులో కంపెనీకి వచ్చిన ప్రశంసాపత్రాలు, మామగారు ఎవరితోనో చేతులు కలుపుతున్న ఫోటో, వాటి మధ్య ఎర్రగుడ్డ మీద పోయిన ఏడాది పరీక్ష పాసైన మందుల డబ్బా ఉన్నాయి. లింకౌ వాళ్ళ చీటీ ఇంకా దానికి అంటించే ఉంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టి దాన్ని అక్కడ పెట్టారు. యూ-చిన్ దాన్ని అడాప్టర్‌తో సహా తీసుకొచ్చి, వంటింట్లో అదే గోడకి గుచ్చి, అదే రేడియో పక్కన పెట్టింది.

పాట హాయిగా సాగింది. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది.

ఇప్పుడు అడాప్టర్లు మార్చింది. పాత డబ్బాకి కొత్త అడాప్టర్. బుర్ర్. కొత్త డబ్బాకి పాత అడాప్టర్. పాట.

ఇంకోసారి చేసింది. మళ్ళీ అంతే. లింకౌలో రోజంతా వెతికినా దొరకనిది వంటింట్లో బియ్యం డబ్బా పక్కన నాలుగు నిమిషాల్లో దొరికింది.

"రొద డబ్బాది కాదు. అడాప్టర్‌ది," అంది నెమ్మదిగా.

"రెండూ ఒకటే కదా. ఒకే అచ్చు, ఒకే చీటీ," అంది సూ-మెయ్.

బి-యున్ రెండు అడాప్టర్లనూ రెండు చేతుల్లోకి తీసుకుంది. యాభై ఏళ్ళుగా బజారులో తక్కెడను నమ్మకుండా కూరలు కొన్న చేతులవి. ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. "ఒకటి కాదే అమ్మాయ్. ఇది తేలిగ్గా ఉంది. లోపల ఏదో తక్కువైంది."

కిటికీ దగ్గర యావ్-తింగ్ వెనక్కి తిరిగాడు. "అమ్మా, దాన్ని కింద పెట్టు. షాక్ కొడుతుంది."

"గోడలోంచి తీసింది షాకెలా కొడుతుందిరా?"

అడాప్టర్ పెట్టె రెండు చిప్పలూ కరిగించి అతికించినవి. మర ఉండదు, తెరవడానికి వీలుండదు. యూ-చిన్ కిందికి వెళ్ళి చిన్న రంపం, పట్టకారు తెచ్చింది. పూజరోజు ఇంట్లో రంపమేమిటని సూ-మెయ్ గొణిగింది. వార్తాపత్రిక పరిచి, భోజనాల బల్ల మీదే, ముందు పాతదాన్ని, తర్వాత కొత్తదాన్ని అంచు వెంట కోసింది. తెల్లటి పొడి పత్రిక మీద రాలింది. రేడియోలో తైలం అమ్మేవాడు మోకాళ్ళ గురించి చెబుతున్నాడు.

పాత అడాప్టర్‌లో, కరెంటు లోపలికి వచ్చే చోట, బొటనవేలి గోరంత నల్లటి వలయం ఉంది. దానికి రెండు వైపులా రాగితీగ చుట్టి ఉంది. యూ-చిన్ రెండు నెలలు కూర్చుని, పదకొండు రకాలు తెప్పించి, ఎన్ని చుట్లుండాలో తన చేత్తో చుట్టి చూసుకుని ఎంచుకున్న ముక్క అది. రొదను వైరులోకి పోనివ్వకుండా గుమ్మంలో నిలబడి ఆపేది అదే.

కొత్తదాంట్లో ఆ చోటు ఖాళీగా ఉంది. నాలుగు రంధ్రాలకి అడ్డంగా రెండు వెండిరంగు తీగముక్కలు అతికించి ఉన్నాయి.

"ఎవరు తీశారు?" అని అడిగింది.

జవాబు ఎవరిని అడిగిందో ఆమెకి తెలుసు. కొనుగోళ్ళు చూసేది కున్-షాన్. పన్నెండేళ్ళుగా ఆమె ఏ ముక్క ఎంచినా అతను ముందు దాని ధర చూస్తాడు, తర్వాత ఆమె ముఖం చూస్తాడు.

కున్-షాన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పోయిన ఏడాది చివర్లో ఆ ముక్క ఎక్కడా దొరకలేదు. ఆరు నెలలు ఆగమన్నారు. కింద లైను ఆగిపోయింది. అప్పుడు మార్చాం. నేనొక్కణ్ణే కూర్చుని మార్చానా? కాగితం ఉంది, పద్ధతి ఉంది."

"నాకు తెలియకుండా?"

"నీకు తెలియకుండానా?" అని అతను నవ్వాడు. అందులో సంతోషమేమీ లేదు. "నువ్వు ఈ మాట అంటావనే నేను ఇన్ని రోజులూ నోరు మూసుకున్నాను. ఇంటి పరువని. ఉండు."

అతను కిందికి వెళ్ళి నీలం ఫైలు తెచ్చాడు. ఒక కాగితం తెరిచి, తిప్పి, ఆమె ముందు పెట్టాడు. మార్పు చీటీ. 'పై వలయం బదులు రెండు తీగలు. మళ్ళీ పరీక్ష అవసరం లేదు.' కింద మూడు గళ్ళు. కొనుగోలు గడిలో కున్-షాన్ ముద్ర, తయారీ గడిలో యావ్-తింగ్ ముద్ర. మూడోది, రూపకల్పన అని ఉన్న గడిలో, చిన్న చదరపు ఎర్రముద్ర. వు యూ-చిన్.

ముద్ర ఆమెదే. కుడి మూలన చిన్న పెచ్చు లేచిపోయిన గుర్తుతో సహా ఆమెదే. ఉద్యోగంలో చేరిన రోజున ఆమె తండ్రి చెక్కించి ఇచ్చిన ముద్ర అది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు కున్-షాన్. "ఒసాకావాళ్ళు రేపు ఇక్కడికొచ్చి ఫైలు అడిగితే ఎవరి పేరు కనపడుతుంది? నేను నిన్ను కాపాడుదామనే ఉత్తరంలో 'పొరపాటు' అని రాయించాను. ఈ చీటీ సంగతి రాయలేదు."

యూ-చిన్ చీటీలో తేదీ చూసింది. ఒకసారి చూసి, వేలితో కింద గీత గీసినట్టు ముట్టుకుని, మళ్ళీ చూసింది.

"నవంబర్ పద్నాలుగు," అంది.

"అయితే?"

"మా అమ్మ పోయిన ఏడో రోజు. నేను తైతుంగ్‌లో పుట్టింట్లో ఉన్నాను. తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాను. మీరందరూ తెల్లపూలు పంపించారు బావగారూ. పూలకి కట్టిన పట్టీ మీద కూడా తేదీ ఉంది, నా దగ్గరుంది."

సూ-మెయ్ చేతిలో వెదురుమొలక అలాగే ఉండిపోయింది. కున్-షాన్ చీటీ వైపు చూశాడు, తర్వాత తమ్ముడి వైపు చూశాడు. అతని ముఖంలో కనపడింది ఆశ్చర్యం కాదు. ఇక నీ వంతు అన్న చూపు.

రేడియోని ఎవరైనా కట్టేస్తే బాగుండునని యూ-చిన్‌కి అనిపించింది. ఎవరూ కట్టేయలేదు.

"నేనే," అన్నాడు యావ్-తింగ్.

పదమూడేళ్ళ కాపురంలో అతని గొంతు అంత మామూలుగా ఆమె ఎప్పుడూ వినలేదు. బజారు నుంచి సోయాపాలు తెచ్చింది నేనే అన్నట్టుగా ఉంది.

"లైను నిలిచిపోయింది. అన్నయ్య గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. నువ్వు అక్కడ మీ అమ్మ శవం దగ్గర సంతాపపు గోనెగుడ్డ కప్పుకుని మోకాళ్ళ మీద ఉన్నావు. అప్పుడు నీకు ఫోన్ చేసి అడాప్టర్లో ముక్క గురించి ఎలా అడగను? తిరిగొచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను."

"తిరిగొచ్చి పది నెలలైంది."

"నువ్వొచ్చాక నీ పరిస్థితి బాగాలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. తర్వాత... ముక్క తీయకముందే పరీక్ష పాసైంది కదా, గీతకి దిగువన చాలా ఖాళీ ఉంది కదా, ఏం కాదులే అనుకున్నాను."

"ఆ ఖాళీ ఆ ముక్క వల్లే ఉంది, యావ్-తింగ్."

అతను తల దించుకున్నాడు. ఇంతవరకూ అయితే ఆమె భరించేదేమో. మోసం ఇంత ఉంటుందని ఒకసారి కొలత తెలిస్తే మనిషి దాన్ని ఎలాగో నెత్తికెత్తుకుంటుంది. కానీ ఆమెకి లింకౌ గుర్తొచ్చింది.

"పోయిన గురువారం నువ్వు నా పక్కనే ఉన్నావు," అంది.

అతను కిటికీ చట్రాన్ని పట్టుకున్నాడు.

"ఆ గదిలో. నేను రాగిరేకు చుడుతుంటే కత్తెర నువ్వే అందించావు. నేను ఆ బోర్డు మీద వంగి వంగి, నా మెడ పట్టేస్తే నువ్వే నొక్కావు. అడాప్టర్ మీద అనుమానమొచ్చి మార్చి చూద్దామంటే, సంచీలోంచి మూడు తీసి ఇచ్చావు. మూడూ ఈ కొత్త లాటువే. బీరువాలో ఈ పాతది ఉందని నీకు తెలుసు. తేలేదు."

"ఆ-చిన్..." అన్నాడతను, ఆమెని ముద్దుగా పిలిచే పేరుతో.

"ఆ పొద్దున్న లింకౌకి వెళ్ళేటప్పుడు బండి ఆపి దిగావు. ఎందుకని అడిగితే పొట్లం కొనాలన్నావు. మూడు దుకాణాలు తిరిగావు. మొదటి దుకాణంలో గడువు ఇంకో నెలే ఉందని వద్దన్నావు. ఆకుపచ్చ పొట్లం తెచ్చి ఆ కొలతయంత్రం మీద నువ్వే నిలబెట్టావు. రెండు చేతులూ జోడించావు కూడా. ఆ లాబ్ అబ్బాయి నవ్వాడు, మీ ఆయనకి భక్తి ఎక్కువని." ఆమె గొంతు పెరగలేదు. "దేవుడికి ఏం చెప్పుకున్నావు అప్పుడు? ముక్క లేకపోయినా పాస్ చేయించమనా? నాకు దొరక్కుండా చూడమనా?"

"పాస్ అయిపోతే ఎవరికీ ఏ బాధా ఉండదనుకున్నాను," అన్నాడతను. నిజమే చెప్పాడు. అందుకే అది మరీ చేదుగా ఉంది.

బి-యున్ నీళ్ళ గ్లాసు తెచ్చి కోడలి ముందు పెట్టింది. "జరిగిందేదో జరిగింది. మొగుడూ పెళ్ళాల మధ్య మాట. వాడు దొంగతనం చేశాడా, జూదమాడాడా? కంపెనీ కోసమే కదా."

"అత్తయ్యా, ముద్రల డబ్బా తెస్తారా?" అని అడిగింది యూ-చిన్.

ఆ ఇంట్లో ముద్రలన్నీ ఒకచోటే ఉంటాయి. మూన్‌కేకులనే పండగ మిఠాయిల పాత రేకుడబ్బాకి చిన్న తాళం వేసి, అత్తగారి మంచం పక్కన పెడతారు. బ్యాంకు పుస్తకాలు, ఇంటి కాగితాలు, అందరి ముద్రలూ అందులోనే. కోడలిగా వచ్చిన నెలలోనే యూ-చిన్ తన ముద్ర ఇచ్చేసింది. ఆఫీసులో ఎక్కడైనా పోతుంది, ఇంట్లో అయితే భద్రమన్నారు. సూ-మెయ్ కూడా అలాగే ఇచ్చింది. ఇవ్వకపోవడమంటే నమ్మకం లేదని చెప్పడం. కావలసినప్పుడు అడిగి తీసుకునేది, పని అయ్యాక తిరిగి ఇచ్చేది. అలా పదమూడేళ్ళు.

డబ్బా వచ్చింది. బి-యున్ మెళ్ళో ఎర్రదారానికి కట్టిన తాళంచెవి బయటికి తీసి, వంగి, తెరిచింది. ఆ వంగడంలోనే యూ-చిన్‌కి మిగతాది అర్థమైంది.

"తాళంచెవి ఎప్పుడూ మీ మెళ్ళోనే ఉంటుంది కదా అత్తయ్యా."

ఆవిడ డబ్బాలోకి చూస్తూనే చెప్పింది. "కొడుకు అడిగాడు. ఇచ్చాను. ఎందుకని నేనెప్పుడూ వాళ్ళ నాన్ననే అడగలేదు, వాణ్ణి అడుగుతానా? నువ్వే ఫోన్‌లో చెప్పి ఉంటావనుకున్నాను." ముద్రల్ని వేళ్ళతో జరిపింది. ఇటు జరిపింది, అటు జరిపింది. "నీది లేదే ఇందులో."

యావ్-తింగ్ చొక్కా జేబులోకి చెయ్యి పెట్టాడు. కాగితం రుమాలులో చుట్టిన చిన్న పొడుగాటి వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. రుమాలు మీద ఎర్రటి మరక ఉంది. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు.

యూ-చిన్ ఆ మరక వైపు చూసింది. "సాయంత్రం దాకా గడువన్నారు," అంది బావగారితో.

"ఒసాకావాళ్ళకి ఈ మధ్యాహ్నం లోపల కావాలట," అన్నాడు కున్-షాన్. కళ్ళజోడు మళ్ళీ తుడుస్తున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు. "పన్నెండింటికి పంపించాం. ఎలాగూ నువ్వు ఒప్పుకునేదానివే కదా. ఇంటి మనిషివి. నువ్వు ఒప్పుకున్నాక పంపామన్నట్టే ఉంటుందని..."

"ఏమని పంపారు?"

చివరికి సూ-మెయ్ చెప్పింది. ఆమె ఆఫీసు ఉత్తరాలు టైపు చేస్తుంది. "రూపకల్పనలో లోపమని. ఇంజనీరు వు యూ-చిన్ పూర్తి బాధ్యత వహిస్తారని." తర్వాత మెల్లగా, "నువ్వు చదివి సరేనన్నావని చెప్పారు చెల్లీ నాకు," అంది.

కింద అగరొత్తులు కాలిపోయినట్టున్నాయి. పక్క కార్ఖానా వాళ్ళు ఇనపకుండలో పూజకాగితాలు తగలబెడుతుంటే పొగవాసన పైకొచ్చింది. ప్రతి పదహారో రోజూ ఈ వేళకి అందరూ కిందికి దిగి, పళ్ళూ పొట్లాలూ ఎత్తి, కాగితాలు కాల్చి, పైకొచ్చి కలిసి తింటారు. ఇవాళ ఎవరూ కదల్లేదు. ఆఖరికి బి-యున్ లేచింది. ఇంట్లో ఏ పిడుగు పడినా అన్నం వేళకి అన్నం పెట్టడం తప్ప ఇంకో పద్ధతి తెలియని మనిషి. పంది మాంసం పులుసు, సేమ్యా, వెదురుమొలకల చారు తెచ్చి బల్ల మీద పెట్టింది. అడాప్టర్ల ముక్కలున్న వార్తాపత్రికను తీయబోతే యూ-చిన్ ఆపింది. దాన్ని జాగ్రత్తగా మడిచి తన పక్కన పెట్టుకుంది.

అందరికీ తనే గిన్నెల్లో అన్నం పెట్టింది. ముందు అత్తగారికి, తర్వాత బావగారికి, తోడికోడలికి, భర్తకి. ఒసాకా ఉత్తరంలో రాసిన వాక్యం ఒకటి పది రోజులుగా ఆమె తలలో తిరుగుతోంది. అక్కడి వృద్ధాశ్రమంలో, ఈ డబ్బా పెట్టిన మంచాల దగ్గర, ముసలివాళ్ళు నొక్కిన వైరులేని పిలుపుగంట మూడుసార్లు నర్సుల గదికి చేరలేదట. ఎవరికీ ఏమీ కాలేదని కూడా రాశారు. కున్-షాన్ ఆ రెండో వాక్యాన్నే నలుగురికీ చదివి వినిపించాడు. ఇక్కడ, ఈ దీవిలో, ఇదే లాటు డబ్బాలు ఎన్ని మంచాల పక్కన ఉన్నాయో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. లోపం తన రూపకల్పనలోనే ఉందని, వెతికితే దొరుకుతుందని అనుకుంటూ ఉండిపోయింది.

తన గిన్నె ముందు కూర్చుని, చాప్‌స్టిక్స్ అందుకోకుండా, మామూలు గొంతుతో చెప్పింది.

"రేపు తొమ్మిదింటికి నేను తైపేలో ప్రభుత్వ ప్రమాణాల కార్యాలయానికి వెళ్తున్నాను. మనవాళ్ళకి అమ్మిన డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాలని రాసిస్తాను. ఒసాకాకి కూడా రాస్తాను, ఏ ముక్క లేదో, ఎప్పటినుంచి లేదో. ముద్ర వెయ్యను. చేత్తో సంతకం పెడతాను."

కున్-షాన్ గిన్నె కింద పెట్టాడు. "కంపెనీ మూతపడుతుంది. తెలుసా?"

"తెలుసు బావగారూ."

"ఆ చీటీ చూపిస్తావా?" అన్నాడు యావ్-తింగ్. అతని పెదవులు తెల్లబడ్డాయి. ఒకరి ముద్ర ఇంకొకరు వేస్తే కోర్టులో దాన్ని ఏమంటారో ఆ బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. "నా పేరు చెప్తావా?"

"ముద్ర నాదే, చెయ్యి నాది కాదని చెప్తాను. చెయ్యి ఎవరిదో నువ్వే చెప్పుకో. తొమ్మిదింటి దాకా టైముంది."

ఆమె రుమాలులోని ముద్రను తీసి, తుడిచి, సంచీలో వేసుకుంది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, రెండు రోజులు మీ రేడియో కావాలి. వాళ్ళకి వినిపించాలి."

"కంపెనీ నా పేరు మీద ఉంది," అంది బి-యున్, ఎవరి వైపూ చూడకుండా. "వాళ్ళొస్తే నా దగ్గరికే వస్తారు."

"అవును అత్తయ్యా."

ముసలావిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. మోకాళ్ళ తైలం మాట మధ్యలో ఆగిపోయింది. రేడియోను ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ వచ్చి తన కుర్చీలో కూర్చుని, దాని వైరును చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. పులుసు చల్లారిపోతోంది. ఆ చుట్టేది కోడలికి ఇవ్వడానికో, లోపలికి తీసుకెళ్ళి రేకుడబ్బా పక్కన దాచడానికో, బల్ల చుట్టూ ఉన్న నలుగురిలో ఒక్కరికీ తెలియలేదు.